నా వంతు మన్ను

కాడుగోడి
16 జూన్ 2024

అక్కా,

ముందు నవ్వు, తర్వాత చదువు. మన ఊరి మనిషి నీ చెల్లెలి చేతి ముద్ద తినింది.

కెంపమ్మ అవ్వ కంటి ఆపరేషన్‌కు పెద్దలు సెలవిచ్చారని రాశావు కదా. ఆ ఆసుపత్రి మా ఇంటికి దగ్గరే. ఉండబట్టలేక పోయాను. కంటికి పచ్చగుడ్డ కట్టుకొని అవ్వ మెట్ల మీద కూర్చుని ఉంది. వెలివేసినదాన్ని కదా, నా నీడ పడితే ఏమంటుందోనని దూరంగా నిలబడ్డాను. ఒంటి కన్నుతోనే పైనుంచి కిందికి చూసి, "ఏమ్మే, బొమ్మ మాదిరి నిలబడుకోనుండావు? నాకు ఆకలైతా ఉండాది. మీ ఇల్లు యాడుండాది?" అంది.

రాగిముద్ద, పప్పుకట్టుతో కాచిన ఉప్పుసారు పెట్టాను. "సారు శానా బాగుండాది, ఇంకా స్వల్ప పొయ్యి" అని అడిగి మరీ పోయించుకుంది. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

మా హర్షిత సంగతి నీకు తెలియదు. పదేళ్ళ పిల్లకు ముప్పై ఏళ్ళ నోరు. అవ్వ పోయాక నన్ను కూర్చోబెట్టి, "ఒక ముసలామె భోంచేస్తే ఇంత ఏడుపెందుకు?" అని అడిగింది. అప్పుడు మొత్తం చెప్పాను. అత్తిబెలె దగ్గర ఫ్యాక్టరీల వెనక దీపంపేట అని ఒక ఊరుందనీ, నాలుగు తరాల కిందట పెద్దయ్య అనే ఆయన నేతగాళ్ళను కూడగట్టి దాన్ని నిలబెట్టాడనీ, అక్కడ కరెంటు, ఫోను, ఫొటో, అద్దం ఉండవనీ చెప్పాను. చెయ్యెత్తకూడదు, కోర్టుకెక్కకూడదు, ఒట్టు పెట్టకూడదు, బయటివాళ్ళ చేతి అన్నం తినకూడదు, అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు. బయటి మనిషిని, సిటీ బస్సు డ్రైవరు నాగరాజును, నేను పెళ్ళి చేసుకుంటానన్న రోజు ఊరి పెద్ద అయిన మా నాయనే నా మట్టిపళ్లెం గడప మీద బోర్లించి మడమతో పగలగొట్టాడు. అప్పటినుంచి ఆ ఊరివాళ్ళెవరూ నా చేతి మెతుకు ముట్టకూడదు, నా చేతి నుంచి ఏదీ అందుకోకూడదు.

"మరి మీ అక్క ఉత్తరాలు?" అంది. మధ్యలో టపా ఉంటే చేతి నుంచి చేతికి ఇచ్చినట్టు కాదని ఆ నాయనే దారి చూపించాడని చెప్పాను. "మీ నాయన లాయర్ కావాల్సిన మనిషి" అంది.

ఎప్పుడో ఇక్కడి సంతలో మూడు మట్టిపళ్లేలు కొని అటక మీద పెట్టాను. అవ్వ తిన్నది ఒకదాంట్లో. ఒకటి నాయనకు. ఒకటి నీకు. నవ్వితే నవ్వుకో.

ఇది మాత్రం ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఆ వయసులో అవ్వ పళ్లెం కూడా పగులుతుంది. నీ కడుపులో పెట్టుకో. వారం వారం అత్తిబెలె పోస్టాఫీసుకు నడిచి మన ఉత్తరాలు మోసే గేటు రాము అన్నకు నా నమస్కారాలు.

నీ చెల్లెలు
కళ్యాణి

*

దీపంపేట
ఆషాఢ శుద్ధం, గురువారం

మీ ఇంటి దీపం నిలకడగా వెలగాలి, కళ్యాణీ.

ఏమని రాయను. కెంపమ్మ అవ్వ పోయింది. నూలు నానబెట్టే తొట్టిలో తెల్లారి చూశారు. కొత్త కన్ను కదా, లోతు అంచనా తప్పి జారిందని అందరూ అన్నారు. మీ బావే లోపలికి దిగి ఎత్తుకొచ్చాడు. పాడె కట్టింది, రాత్రంతా దీపంలో నూనె పోస్తూ కూర్చుంది కూడా ఆయనే. చంద్రశేఖర్ లాంటి అల్లుడు దొరకడం నాయన అదృష్టమని ఊరంతా అనుకున్నారు.

అవ్వ పోయిన రోజే ఆమె పళ్లెం కూడా గడప మీద పగిలి కనిపించింది. చేయి జారి ఉంటుంది పాపం. కన్ను బాగై నేత చూసుకోవాలని ఎంత ఆశపడిందో. ఆపరేషన్ నుంచి వచ్చిన రోజు నా పంచెల అంచు వేళ్ళతో కాకుండా కళ్ళతో చూసి, "ఇన్నాళ్ళూ ఇంత వంకర నేస్తా ఉండావా నువ్వు?" అని తిట్టింది.

నువ్వు రాసిన సంగతి గురించి బెంగపడకు. ఎవరితోనూ అనలేదు. దీపం ముందు చెప్పుకొని బరువు దించుకున్నాను, అంతే.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. పడుగు ఆరడం లేదు. కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీ సైరన్ పొద్దున మనకంటే ముందే లేస్తోంది. నాయన ఈమధ్య మాట తగ్గించాడు.

అక్క
సొన్నమ్మ

*

కాడుగోడి
17 జూలై 2024

అక్కా,

నీ ఉత్తరం షాపులో కుట్టుమిషన్ ముందు చదివాను. ఎవరిదో జాకెట్టు చెయ్యి తలకిందులుగా కుట్టేశాను. అవ్వ ఇక్కడినుంచి పోతూ గుమ్మంలో నిలబడి, "మళ్ళీ వస్తా, ఆ రెండో కన్ను ఉండాది కదా" అంది. ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

కానీ ఒకటి అడగాలి. కోప్పడకు. అవ్వ పళ్లెం ఎలా పగిలింది? బోర్లా పడి పగిలిందా, వెల్లకిలా పడిందా? తొట్టి దగ్గర జారిపడిన మనిషి పళ్లెం ఇంటి గడప మీద పగలడమేమిటి? చేయి జారితే వంటింట్లో జారాలి, పెరట్లో జారాలి. గడప మీద పగిలే పళ్లెం ఒకటే, వెలివేసినవాళ్ళది. నా పళ్లెం పగిలిన చప్పుడు నాకింకా గుర్తుంది.

హర్షిత స్కూలు లైబ్రరీ నుంచి హత్యల నవలలు తెచ్చి మంచం కింద దాచుకొని చదువుతుంది. "మమ్మీ, ఇది మర్డర్. కిల్లర్‌కి మీ రూల్స్ అన్నీ తెలుసు" అంది. నోరుముయ్యమన్నాను. తర్వాత నిద్ర పట్టలేదు.

అవ్వ నా ఇంట్లో తిన్నదని తెలిసింది మన ఇద్దరికే. నువ్వు దీపానికి చెప్పావు, దానికేముంది. నేనూ పెళ్ళికి ముందు రోజూ దీపం ముందు కూర్చుని చెప్పుకున్నదాన్నే. నాగరాజు సంగతి మొదట విన్నది ఆ దీపమే. ఏడాదిపాటు ఒక్కరికీ పొక్కనివ్వలేదు పాపం. మరి ఇంకెవరికి తెలుసు? ఉత్తరాలు ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయి?

నీ
కళ్యాణి

*

దీపంపేట
ఆషాఢ బహుళం, గురువారం

మీ ఇంటి దీపం నిలకడగా వెలగాలి.

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. పెద్దయ్య కాలం నుంచి మన ఊళ్ళో పామును కూడా కర్రతో కొట్టలేదు, చేటలో ఎత్తి బయట విడిచాం. అలాంటి ఊరిమీద నీ కూతురి నవలలు తెచ్చి రుద్దుతావా? నాయన మీద కోపం నీకింకా పోలేదు. అందుకే మా గడపలో నీకు నెత్తురు కనిపిస్తోంది.

పళ్లెం బోర్లానే ఉంది. ఉంటే? పడినది ఎటైనా పడుతుంది.

రాము మాటెత్తకు. ఆయన అడిగినదానికి అవును, కాదు తప్ప మూడో మాట ఎరుగడు. నీ ఉత్తరాలు విప్పే మనిషి కాదు.

పదకొండేళ్ళ తర్వాత ఒక ముసలామె నీ ఇంట్లో ముద్ద తిన్నందుకు సంతోషించాను. ఆ సంతోషంలో నువ్వు మన్ను పోశావు. ఇంక ఈ సంగతి రాయకు.

నాయన నూలు చూడాలని రేపో ఎల్లుండో అత్తిబెలె వెళ్తానంటున్నాడు. మోకాళ్ళు వంగవు, ఎవరినీ తోడు రావద్దంటాడు. మీ బావ వస్తానంటే కసిరాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

సొన్నమ్మ

*

కాడుగోడి
8 ఆగస్టు 2024

అక్కా అక్కా అక్కా,

నాయన వచ్చాడు!

నూలూ లేదు గీలూ లేదు. అత్తిబెలెలో బస్సెక్కి, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి, వర్తూరులో దిగి, చెరువు కట్ట మీద దారితప్పి, నాగరాజు పేరు చెప్పి అడుగుతూ తిరుగుతుంటే మా ఆయన బస్సు స్నేహితుడొకడు చూసి ఫోన్ చేశాడు. నేను పరిగెత్తాను. నాయన చెరువునే చూస్తూ నిలబడి ఉన్నాడు. పదకొండేళ్ళ తర్వాత కూతుర్ని చూసి ఆయన అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "ఇదేంది పాపా, కెరెకు నురగ పట్టిండాది? ఎవురూ మందు పొయ్యరా?"

ఇంటికొచ్చాక గడప దాటలేదు. చెప్పు విడిచి మడమ చూపించాడు. "నీ పళ్లెం పగలగొట్టిన మడమ ఇది పాపా. ఆ పొద్దు నుంచి నొప్పి పోలేదు. కెంపమ్మ పొయ్యేముందు నాకు చెప్పింది, నీ చేతి సారు తిన్నానని. ఆయమ్మకు లేని భయం నాకెందుకు? అన్నం పెట్టు" అన్నాడు.

పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ. అటక మీది పళ్లెంలో. మెతుకు మిగల్చలేదు. హర్షిత ఎదురుగా కూర్చుని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అదొక వింత. పోతూ పోతూ దాని తల మీద చేయి పెట్టి, "పున్నమికి కూటం పిలుస్తా. నేను పగలగొట్టింది నేనే అతికిస్తా. దాని తరువాత మీ అమ్మను పిలుచుకొని రా" అన్నాడు.

"అంతవరకూ ఎవురికీ చెప్పొద్దు, సొన్నమ్మకు కూడా వద్దు" అన్నాడు. చూడు, నేను ఒక్క రోజు కూడా ఆగలేకపోయాను. నీకు చెప్పకుండా నాకు ఏ సంతోషం అరిగింది కనుక? కూటంలో ఆయన నోరు విప్పేదాకా నీకు తెలియనట్టే ఉండు. వచ్చే నెల మనిద్దరం ఒకే పంక్తిలో కూర్చుంటాం. నీ పక్కన నేనే కూర్చుంటాను, బావను అవతలికి జరగమను.

నీ
కళ్యాణి

*

దీపంపేట
శ్రావణ బహుళం, గురువారం

కళ్యాణీ,

నాయన లేడు.

పున్నమికి ముందే పోయాడు. మగ్గం గుంటలోకి దిగబోతూ జారి మెడ మీద పడ్డాడు. నొప్పి తెలియకుండా పోయి ఉంటాడని అంటున్నారు. కొడుకుల్లేరు కాబట్టి అల్లుడే నిప్పు పెట్టాడు.

నీకు కబురు పెట్టలేదు. వెలి ఎత్తలేదు కాబట్టి పెట్టకూడదు. నువ్వు తిడతావని తెలుసు. తిట్టు.

పున్నమి కూటం జరిగింది. నీ మాట రాలేదు. ఇంక రాదు. నువ్వు ఇటు రావద్దు. వచ్చినా గేటు తీయరు, ఊరికే అవమానం. కొన్ని రోజులు ఉత్తరాలు కూడా వద్దు.

పాపను బాగా చదివించుకో.

సొన్నమ్మ

*

కాడుగోడి
1 సెప్టెంబరు 2024

సొన్నక్కా,

వచ్చాను. రావద్దంటే ఆగుతాననుకున్నావా?

నా తండ్రి బూడిద చల్లారిపోయాక నాకు నాలుగు ముక్కలు రాస్తావా? జారి పడ్డాడట! యాభై ఏళ్ళు ఆ గుంటలో దిగి ఎక్కిన మనిషి. కళ్ళు మూసుకొని దిగేవాడు, చిన్నప్పుడు మనల్ని నవ్వించడానికి వెనక్కి నడుస్తూ దిగేవాడు.

గేటు దగ్గర వాన. రాము అన్న తాళం తీయలేదు. కమ్మీల ఇవతల నిలబడే అడిగాను. "మా నాయన పళ్లెం పగిలిందా?" "అవును." "గడప మీదనా?" "అవును." "బోర్లించి ఉండాదా?" "అవును." "ఎవరు చేసినారో నీకు తెలుసా అన్నా?" తల వంచుకొని అన్నాడు, "అవును." "ఎవురు?" ఆ తర్వాత మాట లేదు. కమ్మీలు పట్టుకొని అరిచాను, గొంతు పోయేదాకా అరిచాను. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. నువ్వు లోపల ఎక్కడో విన్నావని నాకు తెలుసు. ఆ పేటలో గొంతెత్తితే చివరింటిదాకా వినిపిస్తుంది.

ఇంకేం కావాలి? నా ఉత్తరాలు తెచ్చేవాడు ఆయన. చదవడం వచ్చినవాడు. నా ఇంట్లో తిన్న ఇద్దరూ చచ్చారు. ఆ ఇద్దరి సంగతీ ఉత్తరాల్లో రాసి ఆయన చేతుల మీదుగా పంపింది నేనే. అటునుంచి అటే పోలీసుల దగ్గరికి పోయి రాసిచ్చాను. సాయంత్రానికల్లా తీసుకుపోయారు. వాళ్ళడిగినా అదే మాటట: తెలుసు అంటాడు, ఎవరో చెప్పడు. తెలుసన్నవాడు చెప్పకపోతే ఎవరైనా ఏమనుకుంటారు?

కోర్టుకెక్కకూడదు కదా మీ కట్టుబాటులో. నేను వెలివేసినదాన్ని, నాకు ఆ కట్టుబాటు లేదు. మొదటిసారి దానివల్ల మేలు జరిగింది.

నువ్వు మాత్రం నాకు ధైర్యం చెప్పు అక్కా. నాకింక ఆ ఊళ్ళో నువ్వొక్కదానివే ఉన్నావు.

కళ్యాణి

*

దీపంపేట
భాద్రపద శుద్ధం, గురువారం

కళ్యాణీ,

రాము లేడు కాబట్టి నీ ఉత్తరం టపావాడే గేటులో పడేసి పోయాడు. ఈ ఉత్తరం నేనే అత్తిబెలె దాకా నడిచి వేస్తున్నాను. లారీల మధ్య ఒంటరిగా ఇంత దూరం ఎప్పుడూ నడవలేదు.

రామును విడిపించు. ఆయన ఏ పాపమూ ఎరుగడు. నీ ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఎందుకని అడగకు.

అడుగుతావు. నువ్వెప్పుడు అడగకుండా ఉన్నావు కనుక.

మన ఊళ్ళో తప్పు చేసినవాడు కూటంలో నిలబడి తన నోటితో ఒప్పుకుంటే ఏం చేస్తామో నువ్వు మరిచిపోయి ఉండవు. కూటం మధ్య గుంట తీస్తాం. ఒక్కొక్కరూ పిడికెడు మన్ను వేస్తాం. అందరి మన్నూ పడితే క్షమించినట్టు. ఆ తర్వాత ఆ మాట ఎత్తినవాడే ఆ తప్పు చేసినవాడితో సమానం. చిన్నప్పుడు బెల్లం దొంగతనానికి నీకోసం కూడా గుంట తీశారు, ఆ రాత్రి నువ్వు ఎంత తేలిగ్గా నిద్రపోయావో నాకు గుర్తుంది. పున్నమి నాడు అలాంటి గుంట తీశారు. ఇద్దరి చావుకూ కలిపి ఒకటే గుంట. రాము కూడా మన్ను వేశాడు. అందుకే ఆయన చెప్పడు. చంపినా చెప్పడు.

నేనూ వేశాను. అందుకే నేనూ పేరు చెప్పలేను. కానీ నీ తప్పుడు లెక్క వల్ల ఒక అమాయకుడు లోపల కూర్చున్నాడు కాబట్టి ఇది మాత్రం చెబుతాను. నువ్వు ఉత్తరాలనే పట్టుకొని వేలాడావు. నేను రాసింది చదవలేదు. దీపం ముందు చెప్పుకున్నానని రాశాను కదా. పెళ్ళికాని పిల్ల దీపం ముందు ఒక్కతే కూర్చుంటుంది. పెళ్ళైనది ఒక్కతే కూర్చోదు. ఇద్దరూ కూర్చోవాలి, ఆ రోజు మనసులో ఉన్నదంతా ఇద్దరూ పైకి చెప్పాలి, దాచకూడదు. నువ్వు పెళ్ళికి ముందే వెళ్ళిపోయావు, నీకు ఎవరూ చెప్పి ఉండరు. పున్నమి నుంచి నేను దీపం ముందు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను.

అవ్వ సంగతి చెప్పినప్పుడు నాకేమీ తెలియదు. నాయన నీ ఇంట్లో తిన్నాడని, వెలి ఎత్తుతాడని నువ్వు రాసినప్పుడు నా మనసులో ఒక మూల తెలుసేమో. అవ్వ పళ్లెం బోర్లా ఉందని నీకు రాసినదాన్ని నేనే కదా. అయినా ఆ సాయంత్రం దీపం వెలిగించి కూర్చున్నాను. దాచడం నాకు చేతకాలేదు. "పెద్దాయనే కట్టు తెంపితే ఊరేమైతుంది సొన్నా" అన్నారు. నెమ్మదిగానే అన్నారు.

మనిషి మంచివాడు కళ్యాణీ. కూటంలో నిలబడి ఏడ్చాడు. నాయన బతికి ఉంటే ఆయనే మొదటి పిడికిలి వేసేవాడు. మనకు నేర్పింది అదే కదా.

ఇంకొకటి ఉంది. నువ్వు కూడా ఆయన కూతురివే, నీకూ వంతు ఉంది. నువ్వు వేయకపోతే గుంట పూడదని పెద్దలు అన్నారు. అందుకని కుడిచేత్తో నాది వేసి, ఎడమచేత్తో నీ పేరున నేనే వేశాను. నీ వంతు మన్ను కూడా పడింది. నువ్వూ క్షమించావు. ఇంక నెమ్మదిగా ఉండు.

అక్క

*

కాడుగోడి
22 సెప్టెంబరు 2024

సొన్నమ్మకు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. చదివి రెండు రోజులు మిషన్ ముట్టలేదు. మా ఆయన డ్యూటీ మానుకొని నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, హర్షితే చదివి కన్నడలో చెప్పింది. ఎడమచేయి దగ్గరకొచ్చేసరికి ఆయన లేచి, "నీకు బదులుగా ఆవిడెవరు?" అని బయటికి పోయాడు. పదకొండేళ్ళలో ఆయన నీ గురించి అన్న చెడ్డమాట అదొక్కటే.

నన్ను వెలివేసినప్పుడు కూటంలో నాకు చోటు లేదన్నారు. నాయన చచ్చిపోతే కబురు పెట్టడానికి నేను కూతుర్ని కాదన్నారు. ఆయన్ను చంపినవాణ్ణి క్షమించాల్సి వచ్చేసరికి మాత్రం నేను కూతుర్నైపోయానా? తినడానికి పనికిరాని నా చేయి మన్ను వేయడానికి పనికొచ్చిందా? అది కూడా నాది కాదు, నీ ఎడమచేయి!

బావ చేసినదానికి నాకు కోపం ఉంది. ఆ కోపానికి ఒక అడుగు ఉంది, అక్కడ ఆగుతుంది. నువ్వు చేసినదానికి అడుగు దొరకడం లేదు. ఆయన నమ్మినదానికోసం చంపాడు. నువ్వు అనుమానం కడుపులో పెట్టుకొని మరీ పోయి దీపం ముందు కూర్చున్నావు. దాచడం చేతకాలేదట. నాకు రాసేటప్పుడు ఎంత బాగా దాచావు! జారి పడ్డాడు, నొప్పి తెలియకుండా పోయాడు, పాపను చదివించుకో. నా సంతోషాలన్నీ మోసుకొచ్చి నీ ఒళ్ళో పోశాను అక్కా. నువ్వు వాటిని తీసుకుపోయి ఆయన ముందు పరిచావు.

నీ ఉత్తరాలన్నీ పోలీసులకు ఇచ్చేశాను. బావ పేరు చెప్పాను. వాళ్ళు పేటకు వచ్చింది నువ్వు చూసే ఉంటావు. "నువ్వు చంపావా" అని అడిగితే ఆయన వెంటనే "అవును" అన్నాడట, ఇద్దరి పేర్లూ చెప్పి. ఇన్స్‌పెక్టర్ ఆశ్చర్యపోయాడు, ఇంత తేలిగ్గా ఎవరూ ఒప్పుకోరట. ఆయనకేం తెలుసు? మీ ఊళ్ళో అబద్ధం చెప్పరు. అడగనిదే చెప్పరు, అంతే. నన్ను తప్ప అందరినీ అడిగి అందరూ కలిసి పూడ్చారు.

నా వంతు మన్ను నేను వెనక్కి తీసుకుంటున్నాను. గుంట పూడలేదని మీ పెద్దలకు చెప్పు.

నేను చేసింది కూడా రాస్తాను, దాచడం మీ వాడుక. నిన్న రామును వదిలారు. జైలు గేటు దగ్గర నేనే నిలబడ్డాను. ఏ మొహంతో నిలబడ్డానో నాకే తెలియదు. కాళ్ళ మీద పడితే వెనక్కి జరిగి, "లెయ్యమ్మా" అన్నాడు. పేటకు తీసుకుపోతానంటే తల అడ్డంగా ఊపాడు. లోపల బయటివాళ్ళ చేతి అన్నం తిన్నాడు కదా, ఆయన పళ్లెం ఇప్పటికే మీ గడప మీద పగిలి ఉంటుంది. ఒక తప్పూ చేయని మనిషి, మీ మన్నుకు మాట ఇచ్చి నోరు మూసుకున్న మనిషి. ఆయనకోసం మీరు గుంట తీయరు, ఎందుకంటే పూడ్చడానికి ఆయన దగ్గర తప్పు లేదు.

ఇంటికి తీసుకొచ్చాను. అటక మీద పళ్లెం ఒకటి ఉంది. అవ్వ తిన్నది అవ్వ పోయిన వార్త వచ్చినప్పుడే పక్కన పెట్టాను, నాయనది కడిగి దాచుకున్నాను. మిగిలింది నీది. పగలగొడదామని గడప దాకా పట్టుకొచ్చాను. బోర్లించాను కూడా. మడమ ఎత్తేసరికి నాయన నొప్పి గుర్తొచ్చింది. ఆ నొప్పి నాకు వద్దు.

కడిగి, రాగిముద్ద పెట్టి, సారు పోసి రాము అన్న ముందు పెట్టాను. ఆయన పళ్లేన్ని కాసేపు చూసి, "ఇది ఎవురిదమ్మా?" అని అడిగాడు.

"నీదే అన్నా" అన్నాను.

కళ్యాణి